పక్కింటి బాబాయి గురించి నాలుగు ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే మనసుకి చాలా హాయిగా అనిపించింది. ఎవరి మీదో కంప్లైంట్ కాదు, ఒక మంచి మనిషిని రోజూ కళ్ళతో చూస్తూ ఉండబట్టలేక రాసిన ఉత్తరాలు ఎక్కువొచ్చాయి. పల్లెటూళ్ళో ఒళ్ళు వంచి పనిచేసుకుంటూ పదిమందికీ చెయ్యి అందించే మనుషుల గురించి. అందుకే ఈ పేజీ మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నా, మిగతా ప్రశ్నలు వచ్చేసారి చూద్దాం.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది చాలా చిన్న ఊరు, ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు, చుట్టం కాదు కానీ చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. నాన్న పోయాక మా పొలం బీడు పడకుండా ఉందంటే ఆయన వల్లే. తెల్లారకముందే ఆయన వాకిట్లో లైటు వెలుగుతుంది, తన పొలం పని అయ్యాక మేం అడక్కుండానే ట్రాక్టర్ మా గట్టు దాటించి దున్నేసి వెళ్ళిపోతారు. మోటారు కాలిపోయినా, అర్ధరాత్రి ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా, గాలివానకి దారికి అడ్డంగా చెట్టు పడినా ఊళ్ళోవాళ్ళు ముందు ఆయన తలుపే కొడతారు. ఒకసారి అమ్మకి రాత్రిపూట ఆయాసం వస్తే బండి తీసి ఆస్పత్రికి తీసుకెళ్ళి తెల్లారేదాకా బయట బెంచీ మీదే కూర్చున్నారు, పొద్దున్నే మళ్ళీ పొలంలో కనిపించారు. మొన్న కనీసం డీజిల్ డబ్బులైనా తీసుకోండి బాబాయ్ అని ఇవ్వబోతే మొహం చిన్నబుచ్చుకుని "ఏంటమ్మా ఇది, నేనేమైనా పరాయివాణ్ణా" అన్నారు. థాంక్స్ చెప్పబోతే మాట మార్చేస్తారు. ఉత్తరం రాసి ఇద్దామంటే ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని భయం. ఆయనంటే నాకెంత గౌరవమో ఎలా చెప్పాలి?

జవాబు: ముందు డీజిల్ డబ్బుల సంగతి చెప్తానమ్మా, ఎందుకంటే నువ్వు దాని గురించే ఎక్కువ బాధపడుతున్నావ్. నువ్వు తప్పేం చెయ్యలేదు, ఆయన చిన్నబుచ్చుకోవడంలోనూ తప్పేం లేదు. మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1979లో ఒక ప్రయోగం చేశారు, సాయం అందుకున్నవాళ్ళు వెంటనే దానికి బదులు ఇచ్చేస్తే ఏమవుతుందని. లెక్క ప్రకారం ఇచ్చి పుచ్చుకునే సంబంధం అనుకున్న చోట, బదులిచ్చిన మనిషి మీద ఇష్టం పెరిగింది. దగ్గరితనం కోరుకున్న చోట అదే పని చేస్తే ఇష్టం తగ్గింది. మరి మీ బాబాయి మీ ఇంటిని ఏ లెక్కలో చూస్తున్నారో ఆయన నోటితోనే చెప్పారు కదా, పరాయివాణ్ణా అని. నువ్వు డబ్బు చాచేసరికి ఆయనకి ఆ సంబంధాన్ని తెంపేసి చేతిలో పెట్టినట్టు అనిపించి ఉంటుంది. కాబట్టి డబ్బు మాట ఎత్తకు, కనీసం నేరుగా మాత్రం వద్దు. డీజిల్ ఖర్చు నిజంగా భారంగా ఉంటుందని నీకు అనిపిస్తే దానికి వేరే దారుంది, మూడో ఉత్తరం దగ్గర చెప్తాను.

ఇక ఉత్తరం. రాయమ్మా, కచ్చితంగా రాయి. నీకున్న భయం అందరికీ ఉండేదే, దాన్ని కొలిచి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో కొంతమంది చేత తమకి మేలు చేసినవాళ్ళకి ఉత్తరాలు రాయించి, చదివినవాళ్ళకి ఎలా ఉంటుందనుకుంటున్నారు అని ముందే అడిగారు. తర్వాత ఆ అందుకున్నవాళ్ళనీ అడిగారు. రాసినవాళ్ళేమో అవతలివాళ్ళు ఇబ్బంది పడతారని ఎక్కువగా, సంతోషిస్తారని తక్కువగా అంచనా వేసుకున్నారు, నిజంగా జరిగింది మాత్రం దానికి తిరగబడి ఉంది. ఇంకో సంగతి కూడా బయటపడింది, రాసేవాళ్ళ దిగులంతా మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని, చదివేవాళ్ళు చూసేది ఆ మాటల్లో ఆప్యాయత ఉందా లేదా అని. నీ అక్షరాలు వంకరగా ఉన్నా, రెండు తప్పులు దొర్లినా ఆయనకి పట్టదు.

ఏం రాయాలంటావా, "మీ వల్ల మాకు ఇంత లాభం జరిగింది" అన్నది కొంచెమే రాయి, "మీరు ఇలా చేశారు, మీరు ఇలాంటి మనిషి" అన్నది ఎక్కువ రాయి. ఇది ఊరికే నా అభిప్రాయం కాదు, సారా ఆల్గో అనే పరిశోధకురాలి బృందం 2016లో జంటలు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకునే తీరుని గమనిస్తే, నాకెంత ఉపయోగపడిందో అని చెప్పడం కంటే అవతలి మనిషి చేసినదాన్ని మెచ్చుకోవడమే విన్నవాళ్ళ మనసుకి ఎక్కువ దగ్గరగా వెళ్ళింది. ఆస్పత్రి బెంచీ సంగతి రాయి. ఆయన లోపలికి రాకుండా బయటే ఎందుకు కూర్చున్నారో, అది చూసినప్పుడు నీకేమనిపించిందో రాయి. గట్టు పాడవకుండా ట్రాక్టర్ ఎంత జాగ్రత్తగా దాటిస్తారో గమనించానని రాయి, పనితనం తెలిసిన మనిషికి తన పనిని ఒకరు అంత శ్రద్ధగా చూశారని తెలియడం కంటే పెద్ద బహుమతి ఉండదు. ఆయన ముందు చదవక్కర్లేదు, ఎదురుగా నిలబడక్కర్లేదు, పిన్ని చేతికిచ్చి వచ్చెయ్యి. మాట మార్చే మనిషి కాగితాన్ని మార్చలేడు, ఒక్కడే ఉన్నప్పుడు తీసి చదువుకుంటాడు.

ఒక్క మాట మాత్రం రాయొద్దని నా మనవి, "మీరు దేవుడు" అని. మనవాళ్ళకి ఈ మాట చాలా తొందరగా వచ్చేస్తుంది, ప్రేమతోనే వస్తుంది, నేను కాదనను. కానీ దేవుడు అన్నాక ఇంక ఆయన మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని ఎవరూ అడగరు, ఆయన పొలం కోతకి మనుషులు దొరికారా అని అడగరు, దేవుడికి అలసట ఉండదు కదా. చిన్న ఊళ్ళలో ఇలాంటి మనుషులకి జరిగే పెద్ద అన్యాయం ఇదే అని నాకు ఎప్పట్నుంచో గట్టిగా అనిపిస్తుంది, ఊరంతా చేతులెత్తి మొక్కుతుంది గానీ ఒక్క చెయ్యీ కింద పెట్టి బరువు పట్టదు. ఆయన్ని మనిషిగా మెచ్చుకో. అరవై దాటిన ఒళ్ళు, నిద్ర చాలని కళ్ళు, సొంత అప్పులూ సొంత దిగుళ్ళూ అన్నీ ఉండి కూడా నీ పొలం దున్నుతున్నాడు చూడు, గొప్పతనం అక్కడుంది.

ఉత్తరం ఇచ్చాక ఇంకో పని. "ఏమన్నా కావాలంటే చెప్పండి బాబాయ్" అనకు, అలాంటి మనిషి చచ్చినా చెప్పడు. నువ్వే వెతుక్కో. ఇలాంటివాళ్ళు ఇనప పని, మట్టి పని ఎంతైనా చేస్తారు గానీ సంతకాలు, ఫారాలు, ఫోన్‌లో ఓటీపీలు, బ్యాంకులో లైన్లు అంటే వాయిదా వేస్తూ పోతారు, కళ్ళు మసకబారినా డాక్టర్ దగ్గరికి పోరు. పిన్నిని కదిలిస్తే నీకే తెలుస్తుంది. "రేపు టౌన్‌కి వెళ్తున్నా, ఆ కాగితాలు నాకివ్వండి, నేను కట్టేసి వస్తా" అని ఏ రోజో, ఏ పనో స్పష్టంగా చెప్పి అడుగు. ఆయన కోత రోజున పిలవకుండానే పొలానికి వెళ్ళు. డబ్బుకి చిన్నబుచ్చుకున్న మనిషి దీనికి చిన్నబుచ్చుకోడు, ఎందుకంటే ఇది ఆయన మీకు చేసే పద్ధతిలోనే చెయ్యడం.

ప్రశ్న: మేడమ్, మా ఊళ్ళో కూడా ఒకాయన ఉన్నాడు, ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందుంటాడు, అన్నా అని పిలుస్తాం. కానీ వెనకాల మాట్లాడేవాళ్ళు ఎక్కువైపోయారు. పేరు కోసం చేస్తున్నాడని, ఎలక్షన్‌లో నిలబడతాడని, ఆయన్ని చూసి మా ఇంట్లోవాళ్ళు మమ్మల్ని తిడుతున్నారని. మంచి చేసే మనిషిని ఎందుకు ఇలా అంటారు, నాకు కోపం ఆగట్లేదు.

జవాబు: తమ్ముడూ, నువ్వు రాసిన మూడు మాటల్లో మూడోదే అసలు సంగతి. "ఆయన్ని చూసి మా ఇంట్లోవాళ్ళు మమ్మల్ని తిడుతున్నారు." 2010లో క్రెయిగ్ పార్క్స్, అసాకో స్టోన్ అని ఇద్దరు అచ్చం దీన్నే పరీక్షించారు. గుంపుగా ఆడే ఆటలో అందరూ తలా కొంత ఉమ్మడి నిధిలో వేసి, అవసరమైనంత తీసుకోవాలి. అందులో ఒకరు తక్కువ వేసి ఎక్కువ తీసుకునే స్వార్థపరుడు, ఇంకొకరు ఎక్కువ వేసి తక్కువ తీసుకునే మంచివాడు. ఆట అయ్యాక వీళ్ళతో మళ్ళీ ఆడతారా అంటే స్వార్థపరుణ్ణి వద్దనడం సరే, మంచివాణ్ణి కూడా చాలామంది వద్దన్నారు. కారణం అడిగితే కొందరు ఆయన వల్ల మేం చెడ్డగా కనిపిస్తున్నాం అన్నారు, ఇంకొందరు అందరూ నడిచే పద్ధతికి విరుద్ధంగా ఉన్నాడన్నారు. కాబట్టి మీ ఊళ్ళోవాళ్ళు ప్రత్యేకంగా దుర్మార్గులేం కాదు, ఒకడు బాగా ఎత్తులో నిలబడితే పక్కవాళ్ళ పొట్టితనం వాళ్ళకే కనిపిస్తుంది, ఆ మంటని ఆయన మీద చల్లుతారు.

దీనికి వాదన పెట్టుకోకు, వాదిస్తే ఆయన పేరు ఇంకా నలుగుతుంది. నేనైతే ఏం చేస్తానంటే, ఎవరైనా పేరు కోసం అన్నప్పుడు, మొన్న వాళ్ళింట్లో ఫలానా కష్టం వచ్చినప్పుడు ఆయన చేసిన పని గుర్తుచేస్తాను, అంతే, గొంతు పెంచకుండా. జరిగిన సంగతి ముందు పుకారు ఎక్కువసేపు నిలబడదు. ఇంకోటి, ఇంట్లో పిల్లలకి "ఆయన్ని చూసి నేర్చుకో" అని పోల్చి తిట్టడం మానమని పెద్దవాళ్ళకి నెమ్మదిగా చెప్పు, అలా తిట్టిన ప్రతిసారీ ఆయనకి ఊళ్ళో ఒక శత్రువుని తయారుచేస్తున్నారు. పోల్చి తిట్టే బదులు ఆ కుర్రాణ్ణి ఆయన పక్కన పనికి పంపిస్తే, ఆ అన్న ఎలాంటివాడో కుర్రాడికే తెలిసొస్తుంది. నిజంగానే రేపు ఎలక్షన్‌లో నిలబడ్డా నష్టమేంటి చెప్పు, ఇన్నేళ్ళు చేసినవాడు నిలబడకపోతే ఇంకెవరు నిలబడాలి?

ప్రశ్న: అమ్మా, నేను అందరూ మెచ్చుకునే అలాంటి మనిషి కూతుర్ని. నాన్నంటే నాకు ప్రాణం. కానీ ఊరి పనులన్నీ చేసి మా పని ఎప్పుడూ ఆఖర్నే. మా స్ప్రేయర్, నిచ్చెన, పైపులు ఎవరింట్లో ఉన్నాయో మాకే తెలీదు, తిరిగొస్తే విరిగొస్తాయి. రాత్రి పదింటికి కూడా ట్రాక్టర్ మీదే ఉంటారు, వయసు అరవై ఆరు. వద్దంటే ఒప్పుకోరు, అమ్మ ఏడుస్తుంది. నాన్న మంచితనం తగ్గించమని అడగడం పాపమా?

జవాబు: పాపం కాదు తల్లీ, నీ ఉత్తరం చదివి నాకు కళ్ళు చెమర్చాయి. బయటనుంచి మెచ్చుకోవడం తేలిక, ఆ మంచితనానికి బిల్లు కట్టేది ఇంట్లోవాళ్ళు, ఆ సంగతి మొదటి ఉత్తరం రాసిన అమ్మాయి కూడా చదవాలని నా కోరిక.

పూర్తిగా ఆపించాలని మాత్రం చూడకు. స్టెఫనీ బ్రౌన్ అనే ఆవిడ బృందం 423 వృద్ధ దంపతుల్ని 5 ఏళ్ళ పాటు గమనించి 2003లో రాసింది, స్నేహితులకీ బంధువులకీ పక్కింటివాళ్ళకీ సాయం చేసేవాళ్ళలో ఆ కాలంలో చనిపోయే అవకాశం తక్కువగా కనిపించింది, సాయం అందుకోవడం వల్ల అలాంటి తేడా కనిపించలేదు. అదొక్కటే కారణమని అనను గానీ, పదిమందికి పనికొస్తున్నాననే తృప్తి మీ నాన్నగారికి ఊపిరి అని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది. దాన్ని లాగేస్తే ఆయన మంచం పడతారు. కావలసింది ఆపడం కాదు, హద్దు.

హద్దు అంటే మనసు ఇరుకు అని మనవాళ్ళు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఎలినార్ ఆస్ట్రమ్ గారని 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ, ఆవిడ జీవితమంతా ఊళ్ళు తమ నీళ్ళూ అడవులూ మేత భూములూ కలిసి ఎలా కాపాడుకుంటాయో చూశారు. ఆవిడ చెప్పిన ఉదాహరణల్లో స్విట్జర్లాండ్ కొండల్లో టోర్బెల్ అనే పల్లె ఒకటి, అక్కడ 1517 నాటి ఒక రూలు ఉంది, చలికాలం తను మేపుకోగలిగినన్ని ఆవుల్నే ఎవరైనా ఉమ్మడి కొండ మేతకి తోలాలి, అంతకుమించి కాదు. అంత చిన్న రూలు వందల ఏళ్ళు నిలబడింది, ఎందుకంటే ఊరివాళ్ళే పెట్టుకున్నారు, ఊరివాళ్ళే కనిపెట్టుకున్నారు. ఉమ్మడి మేత భూమిలాగే మీ నాన్న ఓపిక కూడా మీ ఊరికి ఉమ్మడి ఆస్తి అయిపోయింది, ఎవరికి ఎంత అని రూలు లేకపోవడం వల్ల అరిగిపోతోంది.

ఆ రూలు నాన్న నోటితో రాదు, నువ్వు పెట్టు. సామాన్ల గది తలుపు మీద ఒక నోట్‌బుక్ వేలాడదీయి, తీసుకెళ్ళినవాళ్ళు పేరు, తేదీ రాయాలి, విరిగితే బాగుచేయించి ఇవ్వాలి. మొదట్లో నలుగురు మూతి తిప్పుకుంటారు, తర్వాత అలవాటైపోతుంది, నిజానికి చాలామందికి అదే నయం, ఎవరి దగ్గర ఏముందో వెతుక్కునే పని ఉండదు. ట్రాక్టర్ పని కావాలన్నవాళ్ళు రెండు రోజుల ముందు నీకు మెసేజ్ పెట్టాలి, నాన్నకి కాదు. మన పొలం రోజులు ముందే రాసిపెట్టు, ఆ రోజులు ఎవరికీ ఇవ్వకు. డీజిల్ విషయం కూడా అంతే, ఎవరి పనికి వాళ్ళే డబ్బాలో డీజిల్ తెచ్చి ట్యాంకులో పోస్తే ఆయన చేతికి డబ్బు ఇచ్చినట్టు అవ్వదు, ఆయనకి నొప్పీ ఉండదు. మొదటి ఉత్తరం అమ్మాయికి నేను చెప్తానన్న దారి ఇదే.

రాత్రి పదింటికి ట్రాక్టర్ అన్నావ్ చూడు, నాకు అక్కడే గుండె ఆగింది. మిగతావన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళే మాట్లాడు. ట్రాక్టర్ వెనక తగిలించిన పనిముట్లకి ఇంజన్ శక్తిని అందిస్తూ తిరిగే ఇనప కడ్డీ, అదే పీటీవో షాఫ్ట్, మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 9. తువ్వాలు అంచో, వదులు చొక్కా చెయ్యో దానికి చుట్టుకుంటే మనిషి వెనక్కి లాక్కునే టైమ్ ఉండదు. నిద్రమత్తులో ఉన్న చెయ్యి అసలే ఆలస్యం. షాఫ్ట్ మీద కవచం ఉందో లేదో చూడు, విరిగి ఉంటే మార్పించేదాకా ఎవరి పనీ లేదు. ఇంజన్ ఆపకుండా దాని దగ్గరికి దిగొద్దని ఒట్టు వేయించుకో. సీటు వెనక రోల్ బార్ లేకపోతే పెట్టించు, బండి తిరగబడితే ప్రాణం కాపాడేది అదే, సీటు బెల్ట్ కూడా పెట్టుకుంటే. స్వీడన్‌లో కొత్త ట్రాక్టర్లకి రోల్ బార్ లాంటి రక్షణ చట్రాన్ని 1959లోనే తప్పనిసరి చేశారు. ఎండల్లో ఇంకో జాగ్రత్త, వయసు పెరిగేకొద్దీ దాహం వేసినట్టు తెలియడం తగ్గుతుంది, ఆయన దాహం లేదన్నా నమ్మకు, నీళ్ళ బాటిల్ నువ్వే బండిలో పెట్టి సాయంత్రం ఖాళీ అయిందో లేదో చూడు.

నాన్నతో ఎలా మాట్లాడాలంటే, "మా కోసం ఆపు" అంటే ఆయన వినరు, అలాంటివాళ్ళు తమ కోసం, తమవాళ్ళ కోసం ఏమీ అడగరు. "నువ్వు మంచాన పడితే వాళ్ళ పొలం ఎవరు దున్నుతారు" అని అడుగు, ఆ మాట వింటారు. ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళకి ట్రాక్టర్ నేర్పించమను, చీకటి పడేలోపే పని అయిపోయేలా వాళ్ళు చూసుకుంటారు. నేర్పించడం కూడా ఆయన సాయమే కాబట్టి దానికి కాదనరు.

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై రెండేళ్ళు, మా పక్కింటి మావయ్యని చూస్తే నేనూ అలా బతకాలనిపిస్తుంది. కానీ నా దగ్గర ట్రాక్టర్ లేదు, డబ్బు లేదు, పని కూడా అంతగా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఒక్క పని ఎంచుకో బాబూ, పది వద్దు. ఊళ్ళో దానికి నీ పేరే గుర్తొచ్చేంత నమ్మకంగా ఆ ఒక్కటే చెయ్యి, మోటారు వైండింగ్ నేర్చుకో, లేదా పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళే పని పట్టుకో. మీ మావయ్యకి కూడా మొదట్లో ఒక్క పనే వచ్చి ఉంటుంది, అడిగి చూడు, చెప్తారు. నేర్పించమని అడగడానికి మొహమాటపడకు, ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ అనే ఇద్దరు 2008లో చూపించారు, మనం సాయం అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారన్నది మనం అనుకునేదానికంటే నిజంగా చాలా ఎక్కువ. మీ మావయ్యలాంటి మనిషైతే మరీను. వానలు మొదలవకముందే ఊరి కాలవ పూడిక తీస్తారు కదా, ఎవరూ పిలవకపోయినా పార తీసుకుని ఆయన పక్కన దిగు, మిగతా సంగతులు పని చేస్తూ మాట్లాడుకోండి.